గోడ లేవకముందే గదిలోకి

ఇల్లు కట్టించుకునేవాళ్లకు ముగ్గు పోసిన రోజున గుండె ఒకసారి జారుతుంది. కాగితం మీద దర్జాగా కనిపించిన 11 బై 12 పడకగది, మేస్త్రీ తాళ్లు లాగి సున్నం గీత పోసేసరికి ఇంతేనా అనిపిస్తుంది. ఇంటావిడ ఆ గీతల మధ్య నిలబడి, "మంచం వేస్తే బీరువా ఎక్కడ పెట్టుకుంటాం?" అని అడుగుతుంది. "గోడలు లేవనివ్వండమ్మా, పెద్దదవుతుంది" అంటాడు మేస్త్రీ. అనుభవంతో చెప్పే మాట అది. గోడలు లేచి, స్లాబు పడి, లోపలి ప్లాస్టరింగ్ అయ్యేసరికి నిజంగానే అదే గది ఫర్వాలేదనిపిస్తుంది. పైన ఆకాశం, చుట్టూ ఖాళీ జాగా ఉన్నంతసేపూ కన్ను ఆ గీతల్ని వాటితో పోల్చుకుంటుంది. నాలుగు గోడలూ మూసుకున్నాక పోల్చుకోవడానికి మన ఒళ్లూ, మంచమూ, తలుపూ మాత్రమే మిగులుతాయి.

గది కొలత టేపుతో తేలుతుంది. ఆ గది ఇరుకా, విశాలమా అన్నది మాత్రం లోపల నిలబడితే తప్ప తేలదు. నిలబడాలంటే కట్టి ఉండాలి. కట్టేశాక మార్చాలంటే గోడ కొట్టాలి. ఆర్కిటెక్టుల ఆఫీసుల్లోకి వర్చువల్ రియాలిటీ వచ్చింది ఈ చిక్కు విప్పడానికే. వీడియో గేముల కోసం తయారైన హెడ్‌సెట్‌ను తలకు తగిలించుకుని, ఇంకా పునాది కూడా తీయని ఇంట్లో నిలబడి చూసుకోవచ్చు.

కట్టని ఇంట్లో నిలబడి చూడాలన్న కోరిక కంప్యూటర్ల కన్నా పాతది. నెదర్లాండ్స్‌లో హేగ్ నగరం దగ్గరి వాసెనార్‌లో క్రోలర్-ముల్లర్ దంపతులు పెద్ద ఇల్లు కట్టుకోవాలనుకున్నారు. భార్య హెలెన్ చిత్రాలు సేకరించే మనిషి, వాటికీ చోటుండాలి. మొదట ఆర్కిటెక్టు పీటర్ బెరెన్స్ గీసిన ఇంటిని, ఆ తర్వాత 1912లో, ఆయన దగ్గర పనిచేసి బయటికొచ్చిన మీస్ వాన్ డెర్ రో గీసిన ఇంటిని, కర్ర చట్రాల మీద గుడ్డ బిగించి, అసలు కొలతలతో, ఆ స్థలంలోనే నిలబెట్టించారు. మీస్‌కు అప్పటికి పాతికేళ్లు దాటాయంతే. తర్వాతి రోజుల్లో ఇరవయ్యో శతాబ్దపు పెద్ద ఆర్కిటెక్టుల్లో ఒకడిగా ఆయన్ను లోకం గుర్తించింది గానీ, ఆ ఇల్లు మాత్రం గుడ్డ దగ్గరే ఆగిపోయింది. రెండు నమూనాల్లో ఏదీ ఇటుకల్లోకి రాలేదు. నచ్చని ఇంట్లో జన్మంతా ఉండటం కన్నా అది చవకే అనుకోవాలి. కాకపోతే అంత స్తోమత ఎందరికుంటుంది?

ఆ గుడ్డ ఇంటి పని ఇప్పుడు హెడ్‌సెట్ చేస్తోంది. అందులో కళ్లకు దగ్గరగా చిన్న తెరలు, వాటి ముందు కటకాలు ఉంటాయి. పెద్దవాళ్లలో రెండు కనుపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. అందువల్ల ఒకే వస్తువు కుడికంటికీ ఎడమకంటికీ కొద్ది తేడాతో కనిపిస్తుంది. ఆ తేడా నుంచే మెదడు లోతును పసిగడుతుంది. హెడ్‌సెట్ అదే తేడాతో ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపిస్తుంది. దీనికన్నా ముఖ్యమైన పని ఇంకొకటుంది. తల ఎటు తిరిగింది, ఎంత వంగింది, ఎన్ని అంగుళాలు ముందుకొచ్చింది అన్నది సెన్సర్లూ కెమెరాలూ కనిపెడుతూనే ఉంటాయి. దానికి తగ్గట్టు కంప్యూటర్ సెకనుకు 72 నుంచి 90 సార్లు, కొన్నింటిలో ఇంకా ఎక్కువసార్లు, గదిని మళ్లీ మళ్లీ గీస్తుంది. తల కదిలిన తర్వాత బొమ్మ కదలడానికి 20 మిల్లీసెకన్ల కన్నా ఎక్కువ పడితే ఒంటికి తెలిసిపోయి, కడుపులో తిప్పడం మొదలవుతుంది.

బిల్డర్లు వాట్సాప్‌లో పంపే వాక్‌త్రూ వీడియోకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. వీడియోలో కెమెరా ఎటు తీసుకెళ్తే అటే వెళ్తాం, చూపించదలచుకున్నదే చూస్తాం. హెడ్‌సెట్ పెట్టుకుంటే వంగి వంటగట్టు కింద చూడొచ్చు, తలుపు వెనక్కి తొంగి చూడొచ్చు. హాల్లో కుర్చీలో కూర్చుని, బాత్రూం తలుపు తెరిస్తే లోపల ఏం కనిపిస్తుందో చూసుకోవచ్చు. ఈ చివరి సంగతి చాలా ఇళ్లలో గృహప్రవేశానికి వచ్చిన చుట్టాల ముందే బయటపడుతుంది.

ఈ పరికరాన్ని తొలిసారి తయారుచేసినవాళ్లలో ముఖ్యుడు అమెరికా శాస్త్రవేత్త ఐవాన్ సదర్లాండ్. 1968లో ఆయన బృందం చేసిన హెడ్‌సెట్‌కు పైకప్పు నుంచి వేలాడే ఇనుప చెయ్యి ఒకటి ఉండేది. తల ఎటు తిరిగిందో కొలిచేది అదే. నెత్తిమీద వేలాడుతుంది కనుక, పాత గ్రీకు కథలో తల మీద వేలాడే కత్తిని తలచుకుని, దానికి 'డామోక్లీస్ కత్తి' అని ముద్దుపేరు పెట్టారు. అందులో కనిపించినవి తీగతో చేసినట్టుండే సన్నని గీతలు మాత్రమే. అలా గీసిన వాటిలో ఒకటి గది. నాలుగు గోడల మీద తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని ఇంగ్లీషు పొడి అక్షరాలు కూడా వేశారు. తొలి కంప్యూటర్ గదికే దిక్కులు రాసి పెట్టారని వింటే మన వాస్తు సిద్ధాంతులు మురిసిపోతారు.

అది ప్రయోగశాల ముచ్చట. నిజంగా కట్టబోయే భవనంలో నడిచి చూడటం ఎలా ఉంటుందో చూపించింది నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం, చాపెల్ హిల్‌లోని కంప్యూటర్ సైన్స్ విభాగం. దాన్ని నెలకొల్పిన ఫ్రెడరిక్ బ్రూక్స్, అంతకుముందు ఐబీఎంలో సిస్టమ్/360 కంప్యూటర్ల తయారీని నడిపించిన మనిషి. 1980ల నడుమ ఆ విభాగానికే సిటర్సన్ హాల్ అనే కొత్త భవనం కట్టాలని తలపెట్టారు. ఆర్కిటెక్టులు ఇచ్చిన ప్లాన్లను విద్యార్థులూ అధ్యాపకులూ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అందులో తిరగడానికి ట్రెడ్‌మిల్ ఒకటి పెట్టి, దానికి సైకిల్ హ్యాండిల్ లాంటిది బిగించారు. బెల్టు మీద అడుగులు వేస్తే బొమ్మలో ముందుకు సాగుతాం, హ్యాండిల్ తిప్పితే మలుపు తిరుగుతాం. బొమ్మలు ఇప్పటితో పోలిస్తే మోటు. కంప్యూటర్ నెమ్మది.

అలా తిరుగుతుండగా, లాబీలో ఒక అడ్డగోడ వల్ల చోటు ఇరుకుగా ఉందని ఆ భవనంలో ఉండబోయేవాళ్లకు అనిపించింది. చెబితే ఆర్కిటెక్టులు ఒప్పుకోలేదు. ప్లాన్లు చదవడం వాళ్లకు చేతనైన విద్య, కాగితం మీద ఆ లాబీ బాగానే ఉంది. దాంతో వాళ్లను ఆ కంప్యూటర్ లాబీలోనే తిప్పి చూపించారు. అప్పుడు ఒప్పుకున్నారు, గోడ జరిపారు. సిటర్సన్ హాల్ 1987లో తెరుచుకుంది.

ఈ కథలో నాకు గొప్పగా తోచేది, గోడ జరపమని అడిగింది ఆర్కిటెక్టులు కాకపోవడం. ప్లాన్ చదవడం రానివాళ్లు, ప్లాన్ గీసినవాళ్లతో సమానంగా మాట్లాడగలిగారు. మామూలుగా ఇంటి యజమాని ప్లాన్ ముందు తల ఊపుతాడు. అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటం. ఆర్కిటెక్టు ఆ తల ఊపును ఒప్పుకోలుగా తీసుకుంటాడు. సగం గొడవలు అక్కడే పుడతాయి.

ఆ తర్వాత పాతికేళ్ల పాటు ఇది డబ్బున్నవాళ్ల వ్యవహారంగానే ఉండిపోయింది. 1990ల తొలినాళ్లలో జపాన్‌కు చెందిన మత్సుషిత, టోక్యో షోరూంలో కొనుగోలుదార్లకు హెడ్‌సెట్ తొడిగి, వాళ్ల వంటగదిని ముందే చూపించింది. కప్‌బోర్డులు తెరిచి చూసి ఆర్డరు ఇచ్చేవారు. వెనక నడిచే యంత్రాల ఖరీదు సామాన్యమైంది కాదు. ధర దిగింది వీడియో గేముల పుణ్యమా అని. 2016లో ఓక్యులస్ రిఫ్ట్ హెడ్‌సెట్ 599 డాలర్లకు, హెచ్‌టీసీ వైవ్ 799 డాలర్లకు వచ్చాయి. వాటికి గట్టి కంప్యూటర్ తోడుండాలి. 2019లో వచ్చిన క్వెస్ట్‌కు ఆ తోడు కూడా అక్కర్లేకపోయింది. సాఫ్ట్‌వేర్ కథా అలాంటిదే. ఆర్కిటెక్టులు వాడే ట్విన్‌మోషన్ 2019 నుంచి ఎపిక్ గేమ్స్ చేతిలో ఉంది. ఫోర్ట్‌నైట్ ఆట వాళ్లదే. పిల్లలు ఫోర్ట్‌నైట్ ఆడుతున్నారని విసుక్కునే తల్లిదండ్రులు తమ ఇంటి ప్లాన్ చూసుకోవడానికి అదే కుదురు నుంచి వచ్చిన సాధనాన్ని వాడుతుండొచ్చు.

ఇప్పుడు ఆఫీసులో పని ఇలా సాగుతుంది. రెవిట్, స్కెచప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఇంటిని గీస్తారు. రెవిట్‌లో గోడ అంటే వట్టి గీత కాదు, ఎత్తూ మందమూ ఉన్న గోడే. ఎన్‌స్కేప్ లాంటి మరో సాఫ్ట్‌వేర్ ఆ నమూనాను హెడ్‌సెట్‌లోకి పంపుతుంది. కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాళ్లు కిటికీని ఒక అడుగు పక్కకు జరిపితే, లోపల నిలబడినవాళ్లకు క్షణాల్లో జరిగి కనిపిస్తుంది. ఒకప్పుడు ఇలాంటి ఒక్క బొమ్మ తయారు కావడానికి రాత్రంతా కంప్యూటర్‌ను వదిలేసి ఇంటికి వెళ్లేవారు.

వంటింటి దగ్గర ఇది ఎలా పనికొస్తుందో చూద్దాం. తెనాలిలో ఒక కుటుంబం ఇల్లు కట్టుకుంటోందనుకోండి. ప్లాన్ మీద సంతకం చేసింది భర్త. హెడ్‌సెట్ కోడలు పెట్టుకుంది. ఎల్ ఆకారంలో వంటగట్టు, మూలన ఫ్రిజ్, పక్కన యుటిలిటీలోకి తలుపు. ప్లాన్‌లో అన్నీ చక్కగా ఇమిడాయి. ఆమె ఫ్రిజ్ ముందు నిలబడి తలుపు తెరిచింది. పక్క గోడ అడ్డొచ్చి సగమే తెరుచుకుంది. సగం తెరుచుకుంటే పాలప్యాకెట్ తీసుకోవచ్చు గానీ కింద కూరగాయల ట్రే బయటికి రాదు. యుటిలిటీ తలుపు లోపలికి తెరుచుకుంటోంది, ఆ తలుపు వెనకే గ్యాస్ సిలిండర్ చోటు. మిక్సీ ప్లగ్గు స్టవ్ వెనకాల ఉంది. వైరు మంట మీదుగా వెళ్లాలి. "అత్తయ్యా, మీరూ ఒకసారి చూడండి" అని ఇచ్చింది. అత్తగారు నాలుగడుగుల పది అంగుళాల మనిషి. పెట్టుకోగానే, "ఈ పై అరలు ఎవరికమ్మా?" అంది.

ఇక్కడ ఒక చిన్న కిటుకుంది. హెడ్‌సెట్‌ను గదిలో నిలబడే పద్ధతిలో పెడితే, మనిషి ఎత్తును బట్టి కంటి ఎత్తు దానంతటదే కుదురుతుంది. కొన్ని ఆఫీసుల్లో కూర్చోబెట్టి చూపిస్తూ, కంటి ఎత్తు అందరికీ ఒకే అంకె పెట్టేస్తారు. అప్పుడు ఆ అత్తగారు కూడా ఆరడుగుల మనిషిలా చూస్తుంది, పై అరలు చేతికందేలా కనిపిస్తాయి. పరికరం ఉన్నా ప్రయోజనం పోయినట్టే. అదే అంకెను 1.2 మీటర్ల దగ్గరకు దించితే చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి చూపు వస్తుంది. పిట్టగోడ మీంచి వీధి కనిపించదు, వాష్‌బేసిన్ పైన అద్దంలో నుదురు మాత్రమే కనిపిస్తుంది. ఆసుపత్రులూ బ్యాంకులూ గీసేవాళ్లు ఆ ఎత్తులో పావుగంట తిరిగితే చాలు, కౌంటర్లు తక్షణం కిందికి దిగుతాయి.

ఇంకో సంగతి పని తెలిసినవాళ్లంతా ఒప్పుకుంటారు. మొదట చూపించేటప్పుడు గోడలు బూడిదరంగులో, సామాన్లు డబ్బాల్లా మోటుగా ఉంటేనే మేలు. అప్పుడు మాట గది పొడవూ వెడల్పూ, కిటికీ చోటూ, వెలుతురూ మీద నడుస్తుంది. ఇటాలియన్ మార్బుల్, షాండ్లియర్, గోడకు బుద్ధుడి బొమ్మ పెట్టేశారంటే చర్చ రంగుల్లోకి జారిపోతుంది. ఇరుకు గది కూడా ఆ మెరుపులో దాక్కుంటుంది. బొమ్మ ఎంత అందంగా ఉంటే అంత పనికొస్తుందనుకుంటాం గానీ, మార్పులు చేసుకోవాల్సిన దశలో అందం అడ్డమే.

చూసే చోటు కూడా అంతే ముఖ్యం. 2017 ప్రాంతం నుంచి అమరావతి కోసం ఫోస్టర్ అనే ఆర్కిటెక్టుల సంస్థ గీసిన అసెంబ్లీ, హైకోర్టు బొమ్మల్ని టీవీల్లో, పత్రికల్లో ఎన్నిసార్లు చూశామో. జనం మనసులో నిలిచిపోయినవి ఆకాశం నుంచి చూసినవే. ఆ ఎత్తు నుంచి చూసే భాగ్యం పక్షులకూ, హెలికాప్టర్లో వెళ్లేవాళ్లకూ మాత్రమే. కక్షిదారు బస్సు దిగి హైకోర్టు మెట్ల దాకా నడవాలంటే మే నెలలో ఎలా ఉంటుందన్నది నేల మీద నిలబడి చూడాల్సిన సంగతి.

మే నెల అన్నాం కనుక ఎండ సంగతి. ఊరి అక్షాంశం, తేదీ, గంట ఇస్తే సూర్యుడు ఎక్కడుంటాడో, నీడ ఎటు పడుతుందో సాఫ్ట్‌వేర్ కచ్చితంగా లెక్కగడుతుంది. విజయవాడ ఉత్తరానికి 16.5 డిగ్రీల దగ్గరుంది. జూన్ 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి దాదాపు 7 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు. ఉత్తరపు కిటికీకి ఎండ పడదనుకునేవాళ్లకు ఆ రోజు నమూనాలో చూపిస్తే ఆశ్చర్యపోతారు. కానీ హెడ్‌సెట్ చూపించేది ఎండ పడే చోటునే, ఎండ తీవ్రతను కాదు. బయటి మధ్యాహ్నపు వెలుగు లక్ష లక్స్ దాకా ఉంటుంది. కంటి ముందున్న చిన్న తెర దాని దరిదాపులకు రాదు. కళ్లు చికిలించాల్సిన చోట ఆహ్లాదంగా కనిపిస్తుంది. ఇక పడమటి గోడ రాత్రి తొమ్మిదింటిదాకా విడిచే వేడి, గాలి ఆడకపోవడం, పై ఫ్లాటులో కుర్చీ లాగిన చప్పుడు, డక్టులోంచి వచ్చే వాసన ఏవీ అందులో ఉండవు. మన ఇళ్లలో జనాన్ని నిజంగా బాధించేవి ఇవే. ఏసీ గదిలో కూర్చుని పడమటి బాల్కనీ సూర్యాస్తమయం చూసి మురిసిపోతే ఏప్రిల్లో తెలిసొస్తుంది.

దూరాల విషయంలోనూ కన్ను పొరబడుతుంది. హెడ్‌సెట్‌లో దూరాలు అసలు కన్నా తక్కువగా తోస్తాయని ఎన్నో ప్రయోగాల్లో తేలింది. 2013లో అలాంటి అధ్యయనాలను కూర్చి చూసిన సమీక్ష ఒకటి, జనం అంచనా సగటున అసలు దూరంలో 74 శాతమే ఉందని లెక్కకట్టింది. కొత్త హెడ్‌సెట్లలో ఈ తేడా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. దానికి తోడు, మన చూపు రెండు పక్కలా కలిపి దాదాపు 200 డిగ్రీలు పరుచుకుంటే, హెడ్‌సెట్లలో చాలావరకు 100 డిగ్రీల దగ్గరే ఆగుతాయి. ఓరకంటికి తగిలే గోడలు తగలవు.

నడక మరో తంటా. నిలబడ్డచోట నిలబడే స్టిక్‌తో ముందుకు జారితే, కన్ను కదిలామంటుంది, చెవిలోని సమతూక యంత్రాంగం కదల్లేదంటుంది. ఆ తగాదా కడుపు మీద పడుతుంది. అందుకే చాలా సాఫ్ట్‌వేర్లలో వేలితో గురిపెట్టి ఒక చోటి నుంచి మరో చోటికి దూకేస్తారు. వాంతి బాధ తగ్గుతుంది గానీ, నడవా పొడవు ఎగిరిపోతుంది. లిఫ్టు నుంచి ఫ్లాటు దాకా 40 మీటర్ల కారిడార్ ఉంటే రెండు దూకుళ్లలో గుమ్మం ముందుంటాం. మోకాళ్ల నొప్పులున్న తాతగారికి ఆ 40 మీటర్లే అసలు సమస్య. సిటర్సన్ హాల్ వాళ్లు ట్రెడ్‌మిల్ ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమవుతుంది. తర్వాత అదే విశ్వవిద్యాలయంలో 2001లో ఇంకో ఉపాయం చేశారు. నడిచే మనిషికి తెలియకుండా బొమ్మను కొద్దికొద్దిగా తిప్పుతుంటే, తాను తిన్నగా వెళ్తున్నాననుకుంటూ గదిలోనే వంకరగా తిరుగుతాడు. చిన్న గదిలో పెద్ద భవనం నడవొచ్చు. ఇది మామూలు ఆఫీసుల్లోకి పెద్దగా రాలేదు.

ఇప్పటిదాకా చెప్పింది ఇల్లు గీసేటప్పటి సంగతి. మనలో చాలామందికి హెడ్‌సెట్ తగిలేది కొనేటప్పుడు, సేల్స్ ఆఫీసులో. అప్పటికి ప్లాన్ ఖరారైపోయి ఉంటుంది. ఫ్రిజ్ తలుపు తెరుచుకోకపోయినా జరిపేవాళ్లుండరు. అదే పరికరం, అదే సాఫ్ట్‌వేర్, పని మాత్రం తిరగబడింది. అక్కడ లోపం వెతకడానికి పెట్టుకున్నాం, ఇక్కడ లోపం కనపడకుండా పెడుతున్నారు. డాలస్‌లో ఉన్న కొడుకు కోకాపేటలో ఫ్లాటు చూడటానికి విమానం ఎక్కక్కర్లేదు. అక్కడ అతనూ ఇక్కడ తల్లిదండ్రులూ ఒకే నమూనాలో నిలబడి మాట్లాడుకోవచ్చు. సౌకర్యమే. కానీ అందులో వేసిన మంచం కొలత ఎంతో అడగాలి. క్వీన్ సైజు పరుపు 60 బై 78 అంగుళాలు, కింగ్ 72 బై 78. మంచాన్ని ఆరంగుళాలు కుదిస్తే గది ఆరంగుళాలు పెరిగినట్టుంటుంది, ఎవరూ పట్టుకోలేరు. బాల్కనీ ఎదుట ఆకాశం అతికించారా, రేపు లేవబోయే ఎదురు టవరు పెట్టారా అన్నదీ చూడాలి.

2016 నాటి రెరా చట్టం ఇక్కడ కొంత ఆసరా. ప్రకటననో మోడల్ అపార్ట్‌మెంట్‌నో నమ్మి అడ్వాన్సు కట్టినవాళ్లు, అందులో చెప్పింది తప్పని తేలి నష్టపోతే, బిల్డర్ పరిహారం ఇవ్వాలని 12వ సెక్షన్ అంటుంది. ప్రకటన అన్న మాటకు ఆ చట్టం ఏ రూపంలో చేసిన ప్రచారమైనా అని విశాలమైన అర్థమే ఇచ్చింది. కార్పెట్ ఏరియాకు కూడా అందులో లెక్క ఉంది: బయటి గోడలు, డక్టులు, బాల్కనీ పోగా మిగిలే చోటు, లోపలి అడ్డగోడలు మాత్రం కలుపుకుని. హెడ్‌సెట్‌లో చూసిన హాలు ఆ అంకెలో ఇమడాలి.

కనుక సేల్స్ ఆఫీసుకు వెళ్లినప్పుడు ఫర్నిచర్ తీసేసి, మీ అంతస్తు నుంచి, మీ ఫ్లాటు తిరిగిన దిక్కున, ఎదురు టవరు కనిపించేలా, ఏప్రిల్ సాయంత్రం నాలుగింటికి చూపించమనండి. నమూనా చేసినవాళ్లకు అది నిమిషాల పని. కుదరదంటే హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి, పక్క బ్లాకులో అప్పటికే లేచిన అదే ప్లాన్ ఫ్లాటుకు టేపు పట్టుకుని వెళ్లడం మేలు. ఇంట్లో వంట చేసే మనిషిని కూడా వెంటబెట్టుకుని.